ఎత్తైన సీలింగ్ ఉన్న ఫ్లాట్‌లో మొక్కలు: ముందు కిటికీ పైఅంచు కొలవండి

12, 14 అడుగుల సీలింగ్ ఉన్న హాల్లో కూడా సామానంతా 7 అడుగుల లోపే ఆగిపోతుంది. సోఫా, టీవీ బల్ల, పుస్తకాల బీరువా, చివరికి తలుపులు కూడా అంతే. ఆ పైన గోడంతా బోసిగా కనబడుతుంది కాబట్టి అక్కడ పచ్చగా ఏదైనా వేలాడదీయాలనిపిస్తుంది. చిక్కేమిటంటే, చాలా ఇళ్లలో వెలుగు అతి తక్కువగా చేరేది సరిగ్గా అక్కడికే.

కిటికీలోంచి వచ్చే వెలుగులో ఎక్కువ భాగం ఆకాశం నుంచి ఏటవాలుగా కిందికి దిగుతుంది. కిటికీ దగ్గరి నేలకీ, నడుమెత్తు బల్లకీ ఆకాశం కనబడుతుంది. కిటికీ పైఅంచు 7 అడుగుల దగ్గర ఆగిపోతే 10 అడుగుల ఎత్తున వేలాడే కుండీకి ఆకాశం ముక్క కూడా కనబడదు. నేల మీదా ఎదుటి గోడ మీదా పడి తిరిగొచ్చిన మసక వెలుగే దానికి దక్కేది. మొండిదని పేరున్న మనీప్లాంట్ సైతం అక్కడ కొన్ని నెలలకే తీగ సన్నబడి, ఆకుకీ ఆకుకీ మధ్య బెత్తెడు దూరం వచ్చి, వెలవెలబోతుంది.

అందుకని టేపు పట్టుకుని మొదట కిటికీ పైఅంచు ఎత్తు కొలవండి. సీలింగ్ ఎత్తు తర్వాత చూసుకోవచ్చు. వెలుగు బాగా కావాల్సిన మొక్కల ఆకులన్నీ ఆ అంచుకు కిందే ఉండాలి. గది లోపలికి ఎంత దూరం పెట్టవచ్చనేదానికీ అదే కొలత పనికొస్తుంది. పైఅంచు 7 అడుగులైతే, కిటికీ నుంచి 7 అడుగుల వరకు ఓ మోస్తరు వెలుగు కోరేవాటికి చోటుంది. 10, 12 అడుగుల వరకు నీడకు ఓర్చేవి నెగ్గుకొస్తాయి. అంతకంటే లోపల పెట్టాలంటే దీపం పెట్టాల్సిందే. అద్దాలు సీలింగ్ దాకా సాగే డబుల్ హైట్ హాళ్ల లెక్క వేరు. అక్కడ పైన వేలాడేవి కూడా బాగానే పెరుగుతాయి, కాకపోతే వేడిగాలి పైకి చేరుతుంది కాబట్టి కింది కుండీల కంటే త్వరగా ఎండిపోతాయి.

వెలుగును అంకెల్లో చూడండి

మన కన్ను ఈ విషయంలో నమ్మదగ్గది కాదు. చీకటికి ఇట్టే అలవాటుపడి, పది రెట్లు తేడా ఉన్న రెండు మూలలనూ "బాగానే వెలుగుంది" అంటుంది. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ (లక్స్ అంటే వెలుగును కొలిచే ప్రమాణం) వేసుకుని, ఆకులు ఉండబోయే ఎత్తులో ఫోన్ పట్టుకుని, సెన్సార్ కిటికీ వైపు తిప్పి చూడండి. ఉదయం 10కి, మధ్యాహ్నం 1కి, సాయంత్రం 4కి మూడుసార్లు రాసుకోండి. ఫోన్ చూపే అంకె కచ్చితం కాకపోయినా, ఒకే ఫోన్‌తో ఈ మూలకీ ఆ మూలకీ పోల్చుకోవడానికి సరిపోతుంది. పైన వేలాడదీయబోయే చోటును నిచ్చెన ఎక్కి కొలవాలి. కింద నిలబడి ఊహించకండి.

500 లక్స్ దాటని చోట చాలా మొక్కలు నిలదొక్కుకోవు. మెల్లగా చనిపోవడాన్ని బతకడం అనుకుంటాం, అంతే. 500 నుంచి 1,000 మధ్య స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్, ఆస్పిడిస్ట్రా ఉంటాయి గానీ పెద్దగా పెరగవు. 1,000 నుంచి 2,500 వరకు కెంటియా పామ్, రాఫిస్ పామ్, డ్రసీనా, మనీప్లాంట్. 2,500 పైన రబ్బరు మొక్క, మాన్‌స్టెరా, షెఫ్లెరా. 10,000 దాటి, రోజులో రెండు మూడు గంటలు మెత్తని ఎండ కూడా తగిలితేనే ఫిడిల్ లీఫ్ ఫిగ్, వైట్ బర్డ్ ఆఫ్ ప్యారడైజ్, నార్‌ఫోక్ పైన్ జోలికి వెళ్లండి. తూర్పు కిటికీ ఎండ దాదాపు అన్నిటికీ సరిపడుతుంది. పడమటి కిటికీ అద్దానికి ఆనించి పెడితే మధ్యాహ్నపు ఎండకు ఆకు కాలిపోతుంది. పల్చని తెర వేయండి, లేదా రెండడుగులు వెనక్కి జరపండి.

పెద్దది కొనాలా, పెంచుకోవాలా

ఎత్తైన గదిలో అందరూ చేసే పొరపాటు చిన్న కుండీలు పది కొని వరసగా పేర్చడం. కింద గందరగోళం మిగులుతుంది, పైగోడ మాత్రం అలాగే బోసిగా ఉంటుంది. ఆ డబ్బుతో 7, 8 అడుగుల చెట్టు ఒక్కటి కొంటే గది తీరే మారిపోతుంది. 14 అడుగుల సీలింగ్ కింద కుండీతో కలిపి 8 నుంచి 9 అడుగులుంటే చాలు. సీలింగ్‌ను తాకేదాకా పెంచితే పైకొమ్మలు కిటికీ అంచు దాటి చీకట్లోకి పోయి ఆకులు రాల్చేస్తాయి. పైగా గది చిన్నదిగా కనబడుతుంది.

అయితే అన్నీ పెద్దవే కొననక్కర్లేదు. కెంటియా పామ్ చాలా నిదానం, ఇంట్లో ఏడాదికి ఒకటి రెండు మట్టలకు మించి వేయదు. కావాల్సిన ఎత్తులోనే కొనుక్కోవాలి. లావుపాటి కాండం ముక్క మీద ఆకుల కుచ్చులు ఉండే డ్రసీనా కూడా అంతే. ఆ కోసిన కాండం ఇక పొడవు పెరగదు, దాని మీంచి వచ్చిన చిగుళ్లే పెరుగుతాయి. 5 అడుగుల కాండం కావాలంటే 5 అడుగులదే తీసుకోండి. ఒకే కుండీలో 2, 4, 5 అడుగుల ముక్కలు మూడు నాటినవి దొరికితే ఎత్తైన గోడకు అంతకంటే కుదురైనది ఉండదు.

రబ్బరు మొక్క, మాన్‌స్టెరా, వైట్ బర్డ్ ఆఫ్ ప్యారడైజ్ తగిన వెలుగుంటే చకచకా ఎదుగుతాయి. వీటిని 3, 4 అడుగులప్పుడే కొనండి. చిన్నప్పటి నుంచి మీ గదిలోనే వేసిన ఆకులు మీ గది వెలుగుకు తగ్గట్టే తయారవుతాయి. ఆరుబయట ఎండలో పెరిగిన పెద్ద చెట్టును తెస్తే అది ఎండకని వేసుకున్న ఆకుల్ని రాల్చి, నీడకు తగినవి కొత్తగా వేసుకోవాలి. వీపింగ్ ఫిగ్ ఇందులో మరీ పెంకిది, ఒక మూల నుంచి ఇంకో మూలకు జరిపినా సగం ఆకులు కింద పోస్తుంది. అరేకా పామ్ చవకని, తొందరగా పొదలా కనబడుతుందని అందరూ తెస్తారు. అది నిజానికి వెలుగు బాగా కోరుతుంది. చీకటి మూలలో పెడితే పసుపెక్కి ఎర్రనల్లి అనే పురుగుకు ఇల్లవుతుంది. ఆ మూలకు రాఫిస్ పామ్ మేలు.

నర్సరీలో చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. కాండం మొదట్లో పట్టుకుని మెల్లగా ఊపండి. మట్టితో కలిసి కదిలితే వేర్లు పట్టినట్టు. కాండం ఒక్కటే వదులుగా ఊగితే ఈమధ్యే కుండీలోకి మార్చారని అర్థం, నెల తర్వాత రండి. ఆకు అడుగున, ఆకు కాడ కాండానికి అతుక్కునే చోట దూదిలాంటి తెల్లని పిండినల్లి, గోధుమరంగు పొలుసు పురుగు, సన్నని బూజు లాంటి ఎర్రనల్లి గూళ్లు ఉన్నాయేమో చూడండి. కనీసం ఒక కొత్త చిగురైనా ఉండాలి. చివరగా లిఫ్టు. తలుపు సాధారణంగా 7 అడుగులకు మించదు. 8 అడుగుల చెట్టు ఏటవాలుగా పడుతుందో లేదో కొలిచాకే డబ్బివ్వండి. మోసేటప్పుడు ఆకుల్ని కింది నుంచి పైకి పాత దుప్పటితో చుట్టాలి. పై నుంచి కిందికి చుడితే కాడలు విరుగుతాయి.

ఇంట్లో పసిపిల్లలు, కుక్క, పిల్లి ఉంటే ఒక మాట. మనీప్లాంట్, మాన్‌స్టెరా, ఫిలోడెండ్రాన్ ఆకుల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, నమిలితే నోరు మండి వాస్తుంది. రబ్బరు మొక్క పాలు చర్మానికి పడవు. పామ్‌లా కనబడే సైకస్ కుక్కలకు ప్రాణాంతకం. కెంటియా, అరేకా, రాఫిస్ పామ్‌లతో ఆ భయం లేదు.

కుండీ, మట్టి, బరువు

తెచ్చిన వెంటనే కుండీ మార్చకండి. మూడు నాలుగు వారాలు ఆ నర్సరీ కుండీతోనే కొత్త చోటుకు అలవాటు పడనివ్వండి. దాన్నే పెద్ద అలంకార కుండీలో దించి, అడుగున ఇటుకలు పెట్టి, లోపలి కుండీ అంచు బయటి కుండీ అంచుకు అంగుళం కిందికి వచ్చేలా సర్దితే పని అయిపోతుంది. పైన కొబ్బరి పీచో గులకరాళ్లో పరిస్తే లోపలి ప్లాస్టిక్ కనబడదు. నీళ్లు పోశాక అలంకార కుండీ అడుగున నిలిచిన నీరు తీసేయాలి, ఇటుకలు పెట్టేది అందుకే.

మార్చక తప్పనప్పుడు పాతదానికంటే 2 అంగుళాలు వెడల్పైనది చాలు. చెట్టు పెద్దదని ఏకంగా రెట్టింపు కుండీలో పెడితే, వేర్లు లేని మట్టి రోజుల తరబడి తడిగా ఉండిపోయి వేరు కుళ్లుతుంది. అడుగున రాళ్లు పరిస్తే నీరు బాగా దిగుతుందనేది ఉత్త నమ్మకం. సన్నని మట్టికీ రాళ్లకీ మధ్య నీరు ఆగిపోతుంది, దాంతో తడి వేర్లకు ఇంకా దగ్గరవుతుంది. రంధ్రం మీద చిన్న జాలీ ముక్క వేయండి, అంతవరకే. మిశ్రమానికి రెండు పాళ్లు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఒక పాలు వర్మీకంపోస్ట్, ఒక పాలు పెర్లైట్ (తేలికైన తెల్లని గుళికలు) లేదా ముతక ఇసుక. నేల మీద ఉండే పొడవాటి చెట్టుకు ఇసుకే మంచిది, అడుగు బరువుగా ఉంటే ఒరగదు. వేలాడేవాటికి పెర్లైట్.

8 అడుగుల చెట్టుకు 14 నుంచి 16 అంగుళాల కుండీ కంటికి కుదురుగా ఉంటుంది. తడి మట్టితో అది 40 కిలోలు దాటొచ్చు. కాబట్టి బ్రేకులున్న చక్రాల పీట మీద మొదటిరోజే పెట్టండి, తర్వాత ఎత్తడం ఒక్కరి వల్ల కాదు. వారానికోసారి పావువంతు తిప్పడానికీ ఆ చక్రాలే దిక్కు. తిప్పకపోతే చెట్టు మొత్తం కిటికీ వైపు వాలుతుంది, అలా ముదిరిన కాండాన్ని నిటారుగా తేవడం కష్టం.

పైన వేలాడదీయాలంటే గిలక కట్టండి

10 అడుగుల ఎత్తులో ఉన్న కుండీకి వారానికి రెండుసార్లు నిచ్చెన వేసి నీళ్లు పోస్తానని ఎవరు చెప్పినా నమ్మకండి. మూడో నెలకల్లా ఆ మొక్క ఎండి ఉంటుంది. చేతికి అందని మొక్క బతకాలంటే అది కిందికి దిగి రావాలి. బావి మీద చేద ఎలా దిగుతుందో అలాగే.

ముందు బరువు. 8 అంగుళాల ప్లాస్టిక్ కుండీ, కోకోపీట్ మిశ్రమం, మొక్క, నీళ్లు పోసిన తడి కలిపి 6 కిలోల వరకు వస్తుంది. 10 అంగుళాలదైతే 10 కిలోలు దాటుతుంది, అది వేలాడదీయొద్దు. తాడు సీలింగ్ గిలక దగ్గర అడ్డంగా మలుపు తిరుగుతుంది కాబట్టి ఆ కొక్కెం మీద కుండీ బరువుకు ఒకటిన్నర రెట్లకు కాస్త తక్కువ లాగుడు పడుతుంది. అంటే 6 కిలోల కుండీకి 8 నుంచి 9 కిలోలు. దానికి నాలుగు రెట్లు, 35 కిలోలైనా మోయగల కొక్కెం కావాలి.

కావాల్సినవి: బేరింగ్ ఉన్న చిన్న గిలకలు రెండు, స్లాబ్‌కు యాంకర్ కొక్కేలు రెండు, 6 మిల్లీమీటర్ల అల్లిక పాలియెస్టర్ తాడు, గోడకు క్లీట్ అనే రెండు కొమ్ముల కొక్కెం ఒకటి, కుండీ వైపు మూత ఉన్న కారబైనర్ కొక్కెం ఒకటి. నైలాన్ తాడు సాగుతుంది, నెల తిరిగేసరికి కుండీ కిందికి జారినట్టుంటుంది. నార తాడు చూడ్డానికి బాగుంటుంది గానీ తడికి కుళ్లి, చెప్పకుండా తెగుతుంది.

తాడు పొడవు లెక్క ఇలా. సీలింగ్ 14 అడుగులు, కుండీ పట్టీ పైకొస 5 అడుగుల దాకా దిగాలి అనుకుందాం. గిలక నుంచి కిందికి 9 అడుగులు. అక్కడి నుంచి గోడ దగ్గరి రెండో గిలకకు, ఉదాహరణకు, 4 అడుగులు. గోడ మీద 5 అడుగుల ఎత్తులో ఉన్న క్లీట్‌కు మరో 9. ముడులకూ చుట్టడానికీ 3. మొత్తం 25 అడుగులు. క్లీట్ అంతకంటే కింద పెడితే పిల్లల చేతికి అందుతుంది. తాడు చివర పెద్ద ముడి వేయండి, చెయ్యి జారినా అది గిలక దాటి పోదు.

ఫాల్స్ సీలింగ్ జిప్సం పలక ఈ బరువు మోయదు. దానికి రంధ్రం చేసి, పైనున్న అసలు స్లాబ్‌లో యాంకర్ దిగ్గొట్టి, మరలున్న (థ్రెడెడ్) కడ్డీని కిందికి తీసుకురావాలి. స్లాబ్‌లో కరెంటు గొట్టాలు పోతుంటాయి. లైటు, ఫ్యాను పాయింట్ల నుంచి స్విచ్ బోర్డు వైపు ఉన్న దారిలో డ్రిల్ పెట్టకండి. పోస్ట్ టెన్షన్ స్లాబ్ కట్టిన భవనమైతే లోపల బిగించిన ఉక్కు తీగలుంటాయి. నిర్వహణ చూసేవాళ్లను అడగకుండా ఒక్క రంధ్రం కూడా చేయొద్దు. ఫ్యాను రెక్కల చివర నుంచి ఆకులకు కనీసం 3 అడుగుల దూరం ఉండాలి. తీగ పెరుగుతుంది, ఊగుతుంది, ఆ సంగతి కలుపుకునే కొలవండి.

కుండీని దించి, బకెట్‌లో పెట్టి, అడుగు నుంచి కారేదాకా నీళ్లు పోసి, అరగంట నీరు కారిపోనిచ్చి తిరిగి ఎత్తండి. అలా చేస్తే సోఫా మీద చుక్క పడదు. దించినప్పుడే పురుగు చూడండి, దుమ్ము తుడవండి, కుండీని సగం చుట్టు తిప్పి కట్టండి.

పైకి పాకించడం ఇంకో దారి

వేలాడే మనీప్లాంట్ ఆకులు కొస వైపు పోయేకొద్దీ చిన్నవవుతాయి. అదే తీగ ఊతం పట్టుకుని పైకి పాకితే ఆకులు క్రమంగా పెద్దవవుతాయి. ఎత్తైన గోడకు రెండోదే ఎక్కువ అందం అనిపిస్తుంది, కుండీ నేల మీదే ఉంటుంది కాబట్టి నీళ్ల బాధా లేదు. గోడకు 2 అంగుళాల ఎడంగా నిలువు స్టీలు తీగలు బిగించి వాటికి కట్టండి. నేరుగా గోడకు వదిలితే గాలివేర్లు పెయింటును పట్టుకుంటాయి, పీకితే పెచ్చులతో సహా వస్తాయి. మాన్‌స్టెరాకు నాచు చుట్టిన కర్ర (మాస్ పోల్). కర్రను కుండీ అడుగుదాకా దింపి, అడుగున పలకకు బిగించాలి, లేకపోతే 5 అడుగులు దాటాక చెట్టుతో పాటు ఒరుగుతుంది. కర్ర ఎప్పుడూ తడిగా ఉంటేనే వేర్లు అందులోకి దిగుతాయి. ఎండిన కర్ర ఉత్త ఊతకర్రే. ఇక్కడా కిటికీ పైఅంచు సంగతి మర్చిపోకండి. తీగ ఆ గీత దాటి రెండు మూడు అడుగులు పోయాక ఆకులు పల్చబడతాయి. అక్కడ కత్తిరించి, కొసను నీళ్లలో వేరు పట్టించి, అదే కుండీ మొదట్లో నాటితే కింద ఒత్తుగా అవుతుంది.

అమరిక

పెద్ద చెట్టు సోఫా వెనక మూలలో బాగుంటుంది, కింది ఆకులు తీసేసి కాండం 5, 6 అడుగుల వరకు బోసిగా వదిలి, గుబురు పైన ఉండేలా పెంచితే. నడిచే దారి పక్కనైతే గుబురు కింది అంచు ఆరున్నర అడుగుల పైనే ఉండాలి. గోడకు ఆనించకండి. 8 అంగుళాలు వదిలితే వెనకాకులకు గాలి ఆడుతుంది.

దాని పక్కన నడుమెత్తు మొక్క ఒకటి, మోకాలెత్తుది ఒకటి చాలు. మూడూ ఒకే ఎత్తు పీటల మీద పెడితే వరస కట్టిన సైనికుల్లా ఉంటాయి. ఎత్తు చాలకపోతే 12 నుంచి 18 అంగుళాల దిమ్మె వేయండి. 6 అడుగుల కెంటియా దాని మీదికెక్కితే సామాను ఆగిపోయే 7 అడుగుల గీతను అందుకుంటుంది. కాండం మొదట్లో ఖాళీ మట్టి కనబడుతోందని డ్రసీనా కుండీలో ఇంకో మొక్క నాటుతారు. ఒకదానికి నీరు సరిపోతే రెండోదానికి ఎక్కువవుతుంది. వేరే చిన్న కుండీని ముందు పెట్టి కప్పేయండి.

పైగోడను నింపడానికి అతి తేలికైన ఉపాయం ఇంకో మొక్క అవసరం లేనిది: చెట్టు వెనక నేల మీద చిన్న ఎల్ఈడీ దీపం పైకి చూసేలా పెట్టడం. ఆకుల నీడ 14 అడుగుల దాకా పాకుతుంది. వేడెక్కే పాతరకం బల్బు వాడితే ఆకు మాడుతుంది.

పెరుగుదల కోసం పెట్టే దీపం సంగతి వేరు. 14 అడుగుల సీలింగ్‌కు బిగించిన మామూలు బల్బు వల్ల మొక్కకు ఒరిగేదేమీ లేదు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. తీగతో దించి, గుబురుకు 2, 3 అడుగుల పైన వేలాడదీయండి, లేదా కాంతి చెదరకుండా 15 నుంచి 25 డిగ్రీల కోణంలో పడే స్పాట్ దీపం వాడండి. తెల్లని వెలుగు, 4,000 నుంచి 5,000 కెల్విన్, టైమర్‌తో రోజుకు 12 గంటలు.

ఏది ఎందుకు పాడవుతుంది

పెద్ద కుండీలో పైమట్టి ఎండినట్టుంటుంది, లోపల బురదగా ఉంటుంది. వేలితో చూస్తే తెలియదు. పొడవాటి చెక్క పుల్లను 8 అంగుళాలు గుచ్చి, పది నిమిషాలుంచి తీయండి. కింది సగం తడిగా వస్తే ఆగండి. 20 లీటర్ల కుండీకి పోసినప్పుడు 2, 3 లీటర్లు పడుతుంది. పళ్లెంలో నిలిచింది అరగంటకు పారబోయాలి.

కొత్త చెట్టు మొదటి నెలలో కింది ఆకులు రాల్చితే కంగారొద్దు, చిగురు బాగున్నంతవరకు. ఆకులు రాలుతున్నాయని నీళ్లు పెంచడమే అసలు ప్రమాదం. ఆకులు తగ్గిన చెట్టు నీరు కూడా తక్కువే తాగుతుంది.

ఆకు కొసలు గోధుమరంగైతే రెండు కారణాలు చూడండి. ఏసీ గాలి నేరుగా తగులుతోందా? ఎత్తైన గదుల్లో ఏసీ కూడా ఎత్తునే ఉంటుంది, చెట్టు తల సరిగ్గా దాని ముందుకు వస్తుంది. లేదంటే నీళ్లు. డ్రసీనాకు ఫ్లోరైడ్ పడదు, వాననీరో ఆర్‌ఓ శుద్ధి నీరో పోయండి. ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే నీరు మాత్రం వద్దు, అందులో లవణాలు ఇంకా చిక్కబడి ఉంటాయి.

పైకొమ్మల మీద దుమ్ము ఎవరికీ కనబడదు. పొడవాటి కర్ర చివర మెత్తని గుడ్డ చుట్టి నెలకోసారి తుడవండి, ఎర్రనల్లి మొదట చేరేది ఆ పొడి ఆకుల్లోకే. కనబడితే నీటి ధారతో కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేప నూనె, రెండు చుక్కల సబ్బు ద్రావణం కలిపి, ఆకు అడుగున తడిసేలా వారానికోసారి మూడు వారాలు చల్లండి. సాయంత్రమే చల్లాలి, ఎండలో నూనె ఆకును కాలుస్తుంది.

చెట్టు మరీ ఎత్తు పెరిగిపోతే రబ్బరు మొక్కనూ, ఫిడిల్ లీఫ్ ఫిగ్‌నూ ఆకు కణుపుకు కొంచెం పైన కోయొచ్చు. కింది నుంచి రెండు మూడు కొమ్మలు వేస్తాయి, కారే పాలను తడి గుడ్డతో ఒత్తండి. డ్రసీనా కుచ్చును కోసినా పక్క నుంచి చిగురుస్తుంది. ఒంటి మొదలు పామ్ తల కోస్తే మాత్రం చెట్టు చచ్చినట్టే, నార్‌ఫోక్ పైన్ కొస కోస్తే ఆ గోపురం ఆకారం మళ్లీ రాదు. ఆ రెండూ సీలింగ్‌కు దగ్గరైతే వేరే ఇల్లు చూపించడం తప్ప చేసేదేమీ లేదు.